వేయించిన బార్లీ తరఫున వకాల్తా

ఆ మధ్య డాక్టరుగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "కాఫీ తగ్గించండి, బార్లీ నీళ్ళు పెంచండి" అన్నారు. బార్లీ అనగానే నా ప్రాణం చివుక్కుమంది. మన ఇళ్ళల్లో బార్లీ అంటే తిండి కాదు గదా, జ్వరానికి మారుపేరు! చిన్నప్పుడు లంఖణాల తర్వాత గ్లాసులో తెల్లగా, జిగురుగా, ఉప్పో పంచదారో తేలని ఆ ద్రవం ఎదురైతే మంచం కింద దాక్కునే రకాన్ని నేను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అప్పుడే రంగంలోకి దిగింది. బార్లీ గింజలు మూకుట్లో పోసి దోరగా వేయిస్తోంది. నీళ్ళు కాచుకునే దానికి మళ్ళీ వేయించడమెందుకని అడిగాను.

"పచ్చివి కాస్తే మీ కడుపుకి పడవండీ. వేయించి పిండి పట్టిస్తే తేలిగ్గా అరుగుతాయి. మా అమ్మమ్మ అలాగే చేసేది" అంది, నావేపు చూడనైనా చూడకుండా.

ఆ కమ్మని వాసన ముక్కుకి తగలగానే నాకు వస్సాఫ్ గుర్తొచ్చాడు. ఈ వేయింపుడు మీదే ఆయన మనవాళ్ళని ఏడువందల ఏళ్ళ క్రితం పుస్తకానికెక్కించి వెక్కిరించాడు. అయితే ఆయన గొడవ మనుషుల బార్లీ గురించి కాదు, గుర్రాల బార్లీ గురించి.

ఎవరీ వస్సాఫ్ అంటారా? ఇరాన్‌లో షిరాజు నగరం వాడు. మంగోలు సుల్తానుల కొలువులో పన్నుల లెక్కలు చూసిన ఉద్యోగి. తీరిక వేళల్లో చరిత్ర రాశాడు. 1312లో ఆ గ్రంథాన్ని సుల్తాను ఉల్జైతూకి చదివి వినిపించాడు. మహా అలంకారాల మనిషి; ఒక్క సంగతి చెప్పడానికి పది ఉపమానాలు వాడతాడు. కాని పన్నుల వాడు కదా, అంకెల దగ్గరికొచ్చేసరికి మాత్రం చూపు చురుకు. నేను ఆయన్ని చదివింది ఇంగ్లీషులోనే లెండి. ఇలియట్, డౌసన్ దొరలు అచ్చు వేయించిన సంపుటాల్లో మూడోదానిలో ఈ భాగం వుంది. నేను చూసిన లైబ్రరీ ప్రతిలో ఆ పేజీలు అంటుకుపోయి వుంటే, బ్లేడు అడిగి విడదీసుకున్నాను.

ఆయన చెప్పిన కథ ఇది. తమిళదేశపు తూర్పు తీరాన్ని అరబ్బులు 'మాబారు' అనేవారు. అప్పుడక్కడ పాండ్యుల రాజ్యం. తామ్రపర్ణి నది సముద్రంలో కలిసేచోట, ఇప్పటి తూత్తుకుడికి దగ్గర్లో, కాయల్ అని రేవు వుండేది. హోర్ముజ్ నుంచి, కిష్ దీవి నుంచి, బహ్రెయిన్ నుంచి ఓడలు గుర్రాలతో అక్కడికొచ్చేవి. కిష్ దీవి వర్తకుడు జమాలుద్దీన్‌తో పాండ్యరాజు ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికి 1,400 గుర్రాలు ఆయన సొంత మందల్లోంచే రావాలి. తక్కిన రేవుల నుంచి ఎన్ని దొరికితే అన్ని. గుర్రం ఒక్కింటికి 220 ఎర్రబంగారు దీనారాలు. దార్లో చచ్చినా ఖరీదు చెల్లించాల్సిందే, ఖజానా లోంచి! అంతకు ముందు, ఫార్సు రాజ్యాన్ని అబూబకర్ ఏలిన రోజుల్లో (అంటే 1226 నుంచి 1260 దాకా) ఏటా పదివేల గుర్రాలు మాబారుకీ ఖంభాతుకీ ఆ చుట్టుపక్కల రేవులకీ వచ్చేవనీ, వాటి మొత్తం ఖరీదు 22 లక్షల దీనారాలనీ వస్సాఫ్ లెక్క. ఆ సొమ్ము దేవాలయాల మాన్యాల రాబడి లోంచీ, గుళ్ళలోని వేశ్యల మీద వేసిన పన్ను లోంచీ వచ్చేదట. స్వామివారి సొమ్మంతా గుర్రాలెక్కి పోయిందన్నమాట.

ఈ గుర్రాల పిచ్చి పాండ్యులకే అనుకోకండి. 1310లో ఓరుగల్లు ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూరుకి ఇచ్చుకున్న సొత్తులో ఏడువేల గుర్రాలున్నాయని బరనీ రాశాడు. గుర్రపు దండు లేకపోతే రాజ్యం నిలవని కాలం అది. మన వేడికీ మన తేమకీ మేలుజాతి గుర్రం పుట్టి పెరగడం కష్టం. కొనక తప్పలేదు.

సరే, ఇంత ఖరీదు పోసి కొన్న గుర్రాలకి మనవాళ్ళు ఏం పెట్టారు? ఇక్కడే వస్సాఫ్ ముక్కు మీద వేలేసుకున్నాడు. పచ్చి బార్లీ పెట్టాల్సింది పోయి, వీళ్ళు వేయించిన బార్లీ పెడతారట! వెన్న కలిపి వండిన ధాన్యం తినిపిస్తారట! తాగడానికి కాచిన ఆవుపాలు పోస్తారట! ఇదేం విడ్డూరమండీ అని ఆయన బాధ.

ఆయనకంటే కొద్దిగా ముందు, 1290ల్లో, ఆ తీరానికి వచ్చిన మార్కో పోలో కూడా ఇదే పాట పాడాడు. అక్కడ రాజులు ఐదుగురు అన్నదమ్ములనీ, ఒక్కొక్కరు ఏటా రెండువేల గుర్రాలకి పైగా కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ చెప్పాడు. కారణం? గుర్రాన్ని చూసుకోవడం వాళ్ళకి తెలియదు, మాంసంతో కలిపి వండిన అన్నం పెడతారు అన్నాడు. మార్కో పోలో మన మోటుపల్లి గురించి కూడా రాశాడు. అక్కడి బట్టల నాణ్యాన్నీ, ఏలిన రాణినీ తెగ మెచ్చుకున్నాడు. కనక మనమీద పగబట్టి రాశాడనడానికి వీల్లేదు.

ఇద్దరు సాక్షులు వేరువేరు దిక్కుల నుంచి వచ్చి ఒకే మాట చెబితే ఏ కోర్టులోనైనా ముద్దాయి పని అయిపోయినట్టే. దక్షిణాది వాళ్ళు తెలివితక్కువగా వండి పెట్టి గుర్రాల్ని చంపుకున్నారన్న మాట అలా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. నేను చదువుకున్నప్పుడు మా మాష్టారు కూడా ఆ భాగం చదివి నవ్వించారు. క్లాసంతా నవ్వాం. నేను కాస్త తక్కువ నవ్వాను, దానికి కారణం తర్వాత చెబుతాను.

ముందు వస్సాఫ్ వేపు నుంచి ఆలోచిద్దాం. ఆయన ఆశ్చర్యం అబద్ధం కాదు. పడమటి ఆసియాలో, మధ్యధరా తీరాల్లో గుర్రం తిండి అంటే బార్లీయే, ఇవాళ నిన్నటి సంగతి కాదు. ఆ గింజని మనిషి పండించడం మొదలెట్టి సుమారు పదివేల ఏళ్ళయింది. సొలొమోను రాజు గుర్రాలకి బార్లీ, గడ్డి తెచ్చి ఇచ్చేవారని బైబిల్లో వుంది. రోమన్ సైన్యంలో గుర్రపురౌతుకి నెలకి ఏడు మెడిమ్నోసుల బార్లీ, రెండు మెడిమ్నోసుల గోధుమలు కొలిచేవారని పొలీబియస్ లెక్క చెప్పాడు. మెడిమ్నోసు అంటే ఏభై లీటర్ల పైమాటే. గోధుమలు మనుషులకి, బార్లీ గుర్రాలకి. అందుకే యుద్ధంలో వెన్ను చూపిన దళాన్ని శిక్షించాల్సి వస్తే, చంపగా మిగిలిన వాళ్ళకి గోధుమలు మానిపించి బార్లీ పెట్టేవారు. "నువ్వు పశువుతో సమానం" అని నోటితో అనకుండా కంచంలో పెట్టి చూపించడం అన్నమాట.

అంతకంటే పాత సాక్ష్యం కూడా వుంది. టర్కీలో బొఘాజ్‌కొయ్ దగ్గర తవ్వకాల్లో హిట్టైటుల మట్టిపలకలు దొరికాయి. వాటిలో మితన్ని దేశంవాడు కిక్కులి అనే ఆయన చెప్పిన గుర్రాల శిక్షణ వుంది. ఇప్పటికి దాదాపు 3,400 ఏళ్ళ నాటిది. ఏ రోజు ఎంత దూరం తోలాలి, ఎంత మేత పెట్టాలి, ఎప్పుడు కడగాలి, చెమట పోసినప్పుడు ఏం కప్పాలి, అంతా రోజువారీగా రాయించాడు. మేతలో బార్లీ వుంది, ఎండుగడ్డి వుంది. తాగడానికి ఉప్పునీళ్ళూ, మాల్టు నీళ్ళూ ఉన్నాయి. మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే. ఇంకో చిత్రం చూడండి. ఆయన చెప్పిన పరుగుల చుట్ల పేర్లు: ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న. ఏకం, త్రి, పంచ, సప్త! మన అంకెలు ఆ మట్టిపలకల్లో గుర్రాల వెంట పరుగెత్తుతున్నాయి. సంస్కృతం వచ్చిన మా స్నేహితుడొకాయనకి ఇది చెబితే ఆ పూట భోజనం కూడా మరిచిపోయాడు.

ఇంత చరిత్ర వున్న బార్లీ గుర్రానికి మంచిదే కదా, మరి వేయించడమెందుకు? అసలు వ్యాజ్యం ఇదే.

బార్లీ గింజ గట్టిది. పైన ఊక అంటిపెట్టుకుని వుంటుంది. లోపలి పిండి బిగుతుగా వుంటుంది. గుర్రం పెద్ద జంతువే గాని దాని పొట్ట, వొంటితో పోలిస్తే, చాలా చిన్నది. తిన్నది గబగబా పొట్ట దాటి చిన్నపేగులోకి పోతుంది. పిండి అక్కడే అరగాలి. ఓట్స్ పిండి అయితే నూటికి ఎనభై పాళ్ళు అక్కడ అరుగుతుంది. పచ్చి బార్లీ పిండి సగం కూడా అరగదు. అరగని పిండి పెద్దపేగు మొదట్లో వుండే పెద్ద తిత్తిలోకి జారుతుంది. అది గడ్డీ గాదమూ పులియబెట్టుకునే చోటు. అక్కడ పిండి పడిందా, మంచి సూక్ష్మజీవులు చచ్చి పులుపు పుట్టించేవి పెరుగుతాయి. గాలి నిండుతుంది, శూల వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే యోగం కూడా లేదు. లోపల పోసింది బయటికి రావాలంటే అటే పోవాలి గాని ఇటు రాదు. శూల తగ్గినా కథ అయిపోదు. ఒకటి రెండు రోజులకి గిట్టల లోపల వాపు మొదలవుతుంది. గిట్టకీ ఎముకకీ మధ్య పట్టు సడలి, నిలబడడమే నరకమైపోతుంది. ఇప్పటి పశువైద్యులు దాన్ని లామినైటిస్ అంటారు.

ప్రాచీన గ్రీకులు ఈ రకం జబ్బుకి పెట్టిన పేరు 'క్రిథియాసిస్'. గ్రీకులో 'క్రిథీ' అంటే బార్లీ. జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద రాసిన పుస్తకంలో, గుర్రం దాణా వదిలేస్తోందేమో కనిపెట్టి చూడండి, ఇటువంటి జబ్బు మొదట్లో అయితే కుదర్చవచ్చు అని హెచ్చరించాడు. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలోనే, బార్లీ తినిపించే దేశంలోనే, బార్లీ పేరు మీద ఒక జబ్బుందన్నమాట! వస్సాఫ్‌గారు ఇది చదివివుంటే మన వంటవాళ్ళ మీద కొంచెం దయ చూపించేవారు.

గింజకి వేడి తగిలితే ఏమవుతుంది? లోపలి పిండి బిగువు వదిలి విచ్చుకుంటుంది. నీళ్ళూ వేడీ కలిసి తగిలితే మరీ బాగా ఉబ్బుతుంది. అప్పుడు చిన్నపేగులోనే చాలాభాగం అరిగిపోతుంది. పెద్దపేగు దాకా పోయి చెడ్డపని చేసేది తగ్గుతుంది. ఇప్పుడు గుర్రాల దాణా అమ్మే కంపెనీలు బార్లీని ఆవిరి పట్టి రేకుల్లా నొక్కుతాయి, లేదా పరారుణ కిరణాలతో వేడి చేస్తాయి, ఉడికించి యంత్రంలోంచి పిండి వొత్తుతాయి. సంచి మీద అందంగా అచ్చు వేయించి ఖరీదు రెట్టింపు చేస్తాయి. మాబారు సాయీసు చేసిందీ ఆ దారిలో పనే, మూకుట్లో. పొడి వేపుడు కంటే ఆవిరి మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పచ్చిదాని కంటే వేయించింది నయం. ఆ ఒక్క కేసులో మన ముద్దాయిని విడుదల చెయ్యక తప్పదు.

పైగా ఇది ఎవరో సాయీసుకి ఆ పూట తోచిన తిక్క కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం చూడండి. ఈ గ్రంథం తాటాకు ప్రతి 1905లో మైసూరులో శామశాస్త్రిగారి చేతిలో పడి, 1909లో అచ్చయింది. అందులో మేలుజాతి గుర్రానికి రెండు ద్రోణాల ధాన్యం చెప్పాడు. వరి, యవలు, కొర్రల వంటివి, సగం ఎండినవో సగం ఉడికినవో పెట్టాలన్నాడు. పెసలూ మినుములూ అయితే పలుకుగా ఉడికించి పెట్టాలన్నాడు. యవలంటే బార్లీయే. నెయ్యో నూనో ప్రస్థం, ఉప్పు ఐదు పలాలు, మాంసం ఏభై పలాలు, తడపడానికి పెరుగో మాంసరసమో. మార్కో పోలో మాంసపు అన్నాన్ని చూసి ముక్కు చిట్లించాడు గాని అది మన శాస్త్రంలో వున్నదే. వెన్న సంగతీ అంతే. గుర్రానికి పిత్తాశయం లేకపోయినా కొవ్వు బాగానే అరిగించుకుంటుంది. దూరపు పందేల గుర్రాలకి ఇప్పుడు దాణాలో నూనె కలుపుతున్నారు.

పాలు మాత్రం నేను సమర్థించలేను. ఎదిగిన గుర్రానికి పాలలోని చక్కెర సరిగ్గా అరగదు. అదీ పెద్దపేగులోకే పోతుంది. అంటే ఒక చేత్తో తీసిన ముప్పుని ఇంకో చేత్తో చెంబుతో పోశారన్నమాట.

తక్కిన పశువుల మాటేమిటని అడిగే రైతుసోదరులుంటారు కనక రెండు ముక్కలు. ఆవూ గేదే నెమరు వేస్తాయి గాని చిన్న గింజలు కొన్ని పంటికి చిక్కక నలగకుండానే పేడలో పడిపోతాయి. అందుకని వాటికి బార్లీని నలగ్గొట్టి పెట్టాలి. మరీ మెత్తటి పిండి చేస్తే కడుపులో పులుపెక్కి ఉబ్బరం వస్తుంది. గొర్రె మాత్రం గింజని తనే శుభ్రంగా నములుకుంటుంది, దానికి మరపట్టించడం దండగ. పందికి పిండి చెయ్యాలి. కెనడాలోని ఆల్బెర్టాలో మాంసపు పశువుల మందలు ఎక్కువగా నలగ్గొట్టిన బార్లీ మీద బలుస్తాయి. మనకి ఆ గింజ అంతగా లేదు గనక ఆ పని ఉలవలకి అప్పజెప్పాం.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. మన దేశంలో ఆ దాణా అంటే ఉలవ గుగ్గిళ్ళే. ఉలవల్ని కూడా మనం పచ్చివి పెట్టం. నానబోసి, ఉడకబెట్టి, చల్లార్చి పెడతాం. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల్ని అరగనివ్వని పదార్థాలున్నాయి, ఉడికిస్తే అవి చాలావరకు చస్తాయి. ఉడికించిన నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక, పశువుల తర్వాత మనమూ రుచి చూశాం. పెళ్ళిళ్ళలో వెన్న వేసి వడ్డించే ఉలవచారు పుట్టుక ఆ పశువుల కుండలోనే.

ఆ కుండ నేను చాలా దగ్గర్నుంచి చూశాను. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే.

నా చిన్నతనం తెనాలిలో. 1950ల్లో మాట. మా వీధి చివర జట్కా తోలే సాయిబు తాత వుండేవాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన గుర్రం అరబ్బుదేం కాదు, బక్కచిక్కిన తెల్ల తట్టు. తెల్లారకముందే పొయ్యి మీద కుండలో ఉలవలు కుతకుతలాడుతుండేవి. గుగ్గిళ్ళు వార్చి, తవుడూ చిటికెడు ఉప్పూ కలిపి, చేత్తో తాకి వేడి చూసి, అప్పుడు సంచిలో పోసి దాని మూతికి కట్టేవాడు. ఆ చెయ్యి పెట్టి వేడి చూడడం నాకు మహా ఇష్టంగా వుండేది. మా అమ్మ చంటివాడి పాలు అలాగే చూసేది.

"నేను పెడతా తాతా" అని రోజూ గొడవ చేసేవాణ్ణి.

"నీకు పాళం తెలీదు బాబూ, పెద్దయ్యాక పెడుదువులే" అనేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్ళాడు. గుర్రం కట్టుకొయ్య దగ్గర వుంది. పక్క వసారాలో ఉలవల బస్తా మూతి విప్పి వుంది. నేను మా ఇంట్లోంచి పాలపిండి డబ్బా తెచ్చి, దాంతో ముంచి ముంచి దాని ముందున్న తొట్లో పోశాను. అది కరకరా నములుతుంటే ఆ చప్పుడు నాకెంత సంబరమనుకున్నారు! ఎన్ని డబ్బాలు పోశానో లెక్క లేదు. ఆఖర్న బకెట్టుతో నీళ్ళు కూడా పెట్టాను. ఉపకారం చేశాననుకున్నాను.

పొద్దుగూకేసరికి గుర్రం నేల మీద పడి పొర్లుతోంది. లేస్తుంది, తన కడుపువేపు తిరిగి చూసుకుంటుంది, మళ్ళీ పడుతుంది. వొళ్ళంతా చెమట. సాయిబు తాత దాన్ని లేపి, పగ్గం పట్టుకుని, కాలవగట్టు మీద అటూ ఇటూ నడిపిస్తూనే వున్నాడు. రాత్రంతా నడిపించాడు. నేను మా అరుగు మీద పడుకుని ఆ గిట్టల చప్పుడు వింటూ, చప్పుడు ఆగినప్పుడల్లా చచ్చిపోయిందేమోనని ఊపిరి బిగబట్టాను.

చావలేదు. తెల్లారేసరికి శూల తగ్గింది. కాని మూడో రోజున ముందుకాళ్ళు కింద మోపలేక, బరువంతా వెనక్కి వేసి, నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడింది. రెండునెలలు జట్కా కదల్లేదు. ఆ రెండునెలలూ ఆ వయసులో ఆయన రైసుమిల్లులో బస్తాలు మోశాడు. ఏమైందని ఎవరడిగినా "దిష్టి తగిలింది" అనేవాడు. మా నాన్నగారడిగినా అదే మాట.

ఆయనకి తెలుసు. మర్నాడే నన్ను పిలిచి, తొట్టి పక్కన పడున్న పాలపిండి డబ్బా నా చేతిలో పెట్టాడు. "మీ అమ్మ వెతుక్కుంటుందేమో, తీసుకుపో బాబూ" అన్నాడు. అంతే. నేను మా ఇంట్లో చెప్పలేదు, అప్పుడూ, తర్వాతా. రాయడం కూడా ఇదే మొదటిసారి.

కనక వండి పెట్టినందువల్ల గుర్రాలు చచ్చాయంటే నేను ఊరుకోలేను. వండనందువల్ల ఏమవుతుందో నాకు తెలుసు.

అలాగని మాబారు రాజుల్ని పూర్తిగా వదిలిపెడదామా? వస్సాఫ్ ఫిర్యాదులో రెండో సగం ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నవ్వు మొదటి సగంలో వుంది గనక. నేరం వున్నది రెండో సగంలోనే. కొత్తగా దిగిన గుర్రాన్ని బలిసేందుకని నలభై రోజులు తాళ్ళతో, మేకులతో సాలలో కట్టేస్తారట. ఆ తర్వాత శిక్షణ లేకుండా, రికాబులైనా లేకుండా, భటులు దయ్యాల్లా ఎక్కి తోలతారట. కొద్దికాలంలోనే మహా చురుకైన గుర్రాలు నీరసించి, మందగించి, ఎందుకూ కొరగాకుండా పోతాయట.

ఎడారి గాలిలో పెరిగిన గుర్రం ఓడలో వారాల తరబడి నిలబడి వచ్చింది. దిగగానే నేల మారింది, గాలి మారింది, నీరు మారింది, తిండి మారింది. కొత్త మేత అలవాటు చెయ్యాలంటే వారం పదిరోజుల పాటు కొంచెం కొంచెంగా కలపాలని ఇప్పుడు ఏ పశువైద్యుడైనా చెబుతాడు. వీళ్ళు మొదటిరోజు నుంచే నెయ్యీ ధాన్యమూ పాలూ పోసి, నలభై రోజులు కదలనివ్వలేదు. కూచోబెట్టి మేపితే మనిషికే వొళ్ళు చెడుతుంది, పరుగుకోసం పుట్టిన జంతువు మాట చెప్పాలా? గిట్టల జబ్బుకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. వేయించిన బార్లీ కాదు దాన్ని చంపింది, మేకు.

ఇంకో ముద్దాయి కూడా వున్నాడు, కోర్టుకి రాలేదు. గుర్రాలు అమ్మే వర్తకులు గుర్రపు వైద్యుల్ని ఆ దేశానికి పోనిచ్చేవారు కాదనీ, ఎన్ని చస్తే అంత బేరమని వాళ్ళ సంతోషమనీ మార్కో పోలోయే రాశాడు. జబ్బు అమ్మి, మందు దాచుకున్నారన్నమాట. రాజులేమో దబ్బనం పోయిందేమోనని వెతుక్కుంటూ, పోయిన ఏనుగు సంగతి అడగలేదు.

ఆ బేరం పాండ్యులతో ఆగలేదు. తర్వాత విజయనగరం రాజులు అందుకున్నారు. పదహారో శతాబ్దంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వాడు పేస్, ఆ నగరపు అంగళ్ళలో వరి, గోధుమ, పెసలు, ఉలవలతో పాటు కొద్దిగా బార్లీ కూడా అమ్మేవారని రాశాడు. ఉలవల దేశంలో ఆ కొద్దిపాటి బార్లీని ఎవరు కొన్నారో ఊహించుకోవచ్చు. రాజు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాల్నీ, నాటు గుర్రాల్నీ కొనేవాడని నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు వాడి లెక్క.

ఈ నూనిజే అంతకు ముందు ఏలిన సాళువ నరసింహరాయల గురించి ఒక ముచ్చట చెప్పాడు. రాయలు వర్తకులు అడిగినంతా ఇచ్చేవాడట. వెయ్యి పర్దావులకి మూడు గుర్రాల చొప్పున, బతికినవీ చచ్చినవీ అన్న తేడా లేకుండా తీసుకునేవాడట. సముద్రం మీద చచ్చిన గుర్రానికయితే తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికివున్నట్టే పూర్తి ఖరీదు ముట్టేది.

మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. ఆవిడ గ్లాసు నా ముందు పెట్టి, "పోనీలెండి, ఆ తోకల గుర్రాలైనా మన బార్లీ తిని చచ్చాయని ఎవరూ అనలేరు" అంది.